5 బిట్లు గుడ్డిగా పెడితే కనీసం 3 రైటయ్యే సంభావ్యత: 53/512 ఎలా వచ్చింది?

సీనియర్_ఎంపీసీ:
5 బిట్లు, ఒక్కోదానికి 4 ఆప్షన్లు, ఒక్కటే సరైనది. అన్నీ గుడ్డిగా పెడితే కనీసం 3 రైటయ్యే సంభావ్యత ఎంత? (1/4)³ × (3/4)² చేస్తే నాకు 9/1024 వచ్చింది. కీలో 53/512 ఉంది. కీ తప్పా?

లెక్కల_మాస్టారు:
కీ కరెక్టే. నీ 9/1024 ఒకే ఒక్క వరసది: మొదటి మూడూ రైటు, చివరి రెండూ తప్పు. 1, 3, 5 రైటయినా మూడే కదా, 2, 3, 4 అయినా మూడే. అలాంటి వరసలు 5సి3 (5 బిట్లలోంచి 3 ఎంచుకునే విధాలు) = 10. ప్రతిదానికీ అదే 9/1024 కాబట్టి, సరిగ్గా 3 రావడానికి 90/1024.

ఇక "కనీసం 3" అంటే 4, 5 కూడా కలపాలి.
4 రైటు: 5 × (1/4)⁴ × (3/4) = 15/1024
5 రైటు: (1/4)⁵ = 1/1024
మొత్తం 106/1024 = 53/512, దాదాపు 0.1035.

అదే "గరిష్ఠంగా 3" అని అడిగితే 0 నుంచి కూడుకుంటూ రావద్దు. 1 లోంచి 4, 5 రైట్లవి కలిపిన 16/1024 తీసేస్తే చాలు.

ద్విపదం:
హారం 1024ని చివరిదాకా అలాగే ఉంచు, మధ్యలో కొట్టివేతలు వద్దు. 0 నుంచి 5 రైట్ల దాకా లవాలు 243, 405, 270, 90, 15, 1. కూడితే 1024 రావాలి. రాలేదంటే ఎక్కడో ఎన్‌సీఆర్ (5సి3 లాంటిది) విలువ పోయిందన్నమాట.

ఒకదాన్నుంచి ఇంకోటి తెచ్చుకోవచ్చు కూడా: ఇప్పుడున్న తప్పుల సంఖ్యతో గుణించి, కొత్త రైట్ల సంఖ్యకు 3 రెట్లతో భాగించు. 243 × 5/3 = 405, 405 × 4/6 = 270, 270 × 3/9 = 90. ఆ 3 ఎక్కడిదంటే, క్యూ/పీ: తప్పయ్యే సంభావ్యత క్యూ 3/4, రైటయ్యే సంభావ్యత పీ 1/4.

సీనియర్_ఎంపీసీ:
థాంక్స్ అన్నా. 2 బిట్లలో రెండేసి ఆప్షన్లు తప్పని ముందే తెలిసిపోతే? పీ సగటు 0.35 వేసి ఇదే సూత్రం వాడొచ్చా?

లెక్కల_మాస్టారు:
వాడకూడదు. ప్రతి బిట్‌కీ పీ ఒకటే అయితేనే ద్విపద విభాజనం (పైన వాడిన సూత్రం). విడదీసి చెయ్యి. 2 బిట్లలో 0, 1, 2 రైటు: 1/4, 1/2, 1/4. మిగతా 3 బిట్లలో 0, 1, 2, 3 రైటు: 27/64, 27/64, 9/64, 1/64. మొత్తం 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావాలంటే, ఆ 2 బిట్లలో 0 రైటయితే మిగతా వాటిలో 3, 1 అయితే కనీసం 2, 2 అయితే కనీసం 1 రావాలి:
1/4 × 1/64 + 1/2 × 10/64 + 1/4 × 37/64 = 58/256, అంటే 0.2266.

0.35 వేస్తే 0.2352 వస్తుంది. అంకమధ్యమం రెండు పద్ధతుల్లోనూ 1.75 కాబట్టి తేడా కంటికి ఆనదు. విస్తృతి (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) మాత్రం 1.0625 ఉండాల్సింది 1.1375 అవుతుంది.