బీఆర్‌ఎస్‌ఆర్ కోర్: పరిశీలనకు నిలబడే అంకెలు ఎలా తయారుచేయాలి?

పటాన్‌చెరు_ప్లాంట్ అడిగిన ప్రశ్న:
సెబీ షెడ్యూల్ ప్రకారం 2025-26కి మార్కెట్ విలువలో మొదటి 500 లిస్టెడ్ కంపెనీలు బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ (పర్యావరణం, కార్మికుల మీద కంపెనీలు ఏటా ఇచ్చే నివేదికలోని ముఖ్య భాగం) అంకెలను బయటివాళ్లతో పరిశీలన చేయించాలి. మాది బల్క్ డ్రగ్స్, మూడు యూనిట్లు. ప్రతి యూనిట్ నుంచీ ఎక్సెల్ షీట్ మెయిల్‌లో వస్తుంది, హెడ్ ఆఫీసులో కలిపేస్తాం. కరెంటు, డీజిల్, నీళ్లు, వ్యర్థాలు, ప్రమాదాలు: వీటిలో ఎక్కువ తప్పులు ఎక్కడ దొర్లుతాయి? ఇప్పుడే ఏం సరిచేసుకోవాలి?

మీటర్_రీడింగ్:
కరెంటుతో మొదలుపెట్టండి. మన రెండు రాష్ట్రాల్లోనూ హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లు కేవీఏహెచ్ మీద, అంటే గ్రిడ్ నుంచి లాగిన మొత్తం (ఏపరెంట్) శక్తి మీద వేస్తారు. బీఆర్‌ఎస్‌ఆర్‌కి కావలసింది కేడబ్ల్యూహెచ్, అంటే నిజంగా పనికి వాడిన యూనిట్లు. బిల్లులో రెండు అంకెలూ ఉంటాయి. డబ్బు కట్టేది కేవీఏహెచ్ మీద కాబట్టి అకౌంట్స్ వాళ్లు దాన్నే ఎక్కిస్తారు. పవర్ ఫ్యాక్టర్ (కేడబ్ల్యూహెచ్ ÷ కేవీఏహెచ్) 0.95 ఉంటే వాడకం 5 శాతానికి పైగా ఎక్కువ కనిపిస్తుంది. ఉద్గారాలు, ఇంటెన్సిటీ (టర్నోవరుకు లేదా ఉత్పత్తికి ఎంత చొప్పున అన్న అంకె) కూడా అదే తప్పును మోస్తాయి.

రెండోది, రీడింగ్ తేదీ. నెల మధ్యలో రీడింగ్ తీస్తే మార్చి బిల్లులో మార్చి 31 దాకా వాడకం ఉండదు. మార్చి 31న, ఏప్రిల్ 1న మీటర్ ఫొటో తీసి, ఆ రోజు తేదీతో లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించండి. పరిశీలకుడు మొదట అడిగేది అదే.

లెక్క ఇలా ఉంటుంది: 42 లక్షల యూనిట్లు × 3.6 మెగాజౌల్స్ = 15,120 గిగాజౌల్స్. ఉద్గారాలకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ గుణకం వాడాలి. 2022-23కి 0.716, 2023-24కి 0.727 కిలోల కార్బన్ డయాక్సైడ్ యూనిట్‌కి. 0.727తో 42 లక్షల యూనిట్లకు సుమారు 3,053 టన్నులు. ఏ వెర్షన్ గుణకం వాడారో నివేదికలో రాయండి. ఒక ప్లాంటు పాతది, ఇంకో ప్లాంటు కొత్తది వాడటం మామూలుగా జరిగే తప్పే.

డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) దగ్గర రెండుసార్లు లెక్క పడుతుంది. డీజిల్ లీటర్లు స్కోప్ 1లో (మన ప్లాంట్లలోనే నేరుగా వెలువడే ఉద్గారాలు) చూపించి, జనరేటర్ ఇచ్చిన యూనిట్లను మళ్లీ కరెంటులో కలపకండి. లీటరుకు 2.68 కిలోల చొప్పున 60,000 లీటర్లంటే దాదాపు 161 టన్నులు. అయితే కొన్న డీజిల్ వేరు, కాల్చిన డీజిల్ వేరు. ఏడాది మొదట్లో, చివర్లో ట్యాంకులో ఎంత ఉందో డిప్ కొలత (కొలకర్ర ముంచి చూసినది) కావాలి.

ఊక బాయిలర్ ఉంటే దాని కార్బన్ డయాక్సైడ్‌ను స్కోప్ 1లో కలపరు, విడిగా చూపిస్తారు. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం స్కోప్ 1లోకే వస్తాయి. చిల్లర్లలో నింపిన గ్యాస్‌ను చాలామంది పూర్తిగా మరిచిపోతారు. ఆర్-134ఏ అనే ఆ గ్యాస్ 30 కిలోలు టాప్-అప్ చేశారంటే 1,300 గుణకంతో (కార్బన్ డయాక్సైడ్ కంటే అన్ని రెట్లు వేడి పెంచుతుంది) 39 టన్నులు. ఏఎంసీ (వార్షిక నిర్వహణ కాంట్రాక్టు) వాళ్ల సర్వీస్ షీట్లు తెప్పించుకోండి.

నీటిలెక్క:
నీళ్లలో గందరగోళం మాటల దగ్గరే మొదలవుతుంది. వినియోగం అంటే తీసుకున్న నీరు మైనస్ బయటికి పంపిన నీరు. బోరు, టాంకర్, మున్సిపల్ లైను: ఇవన్నీ తీసుకున్నవే. ఆర్‌ఓ నుంచి తిరిగి కూలింగ్ టవర్‌కి వెళ్లే నీటిని ఇందులో కలపకూడదు, ఒకే నీటిని రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది. ఉమ్మడి శుద్ధి కేంద్రానికి వెళ్లేది 'మూడో పక్షానికి పంపినది' కింద, ఏ స్థాయి శుద్ధి తర్వాత పంపారో కూడా చెప్పి చూపాలి. బోరుకు మీటర్ లేక 'పంపు గంటలు × సామర్థ్యం' అని వేస్తుంటే ఈ నెలలోనే ఫ్లో మీటర్ పెట్టించి, కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఫైల్లో ఉంచండి. అంచనా అంకె తప్పని కాదు, దాన్ని నిరూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

వ్యర్థాలకు పరీక్ష తేలిక. మొదటి స్టాక్ + ఏడాదిలో వచ్చినది = తిరిగి వాడినది + పారవేసినది + చివరి స్టాక్. ఇది కుదరకపోతే ఎక్కడో వే-బ్రిడ్జి స్లిప్పు తప్పిపోయింది. ప్రమాదకర వ్యర్థాల అంకె ఫారం 10 మానిఫెస్టులతోనూ (సరుకు తరలించేటప్పుడు వెంట వెళ్లే పత్రాలు), జూన్ 30లోపు కాలుష్య నియంత్రణ మండలికి వేసే ఫారం 4 వార్షిక రిటర్నుతోనూ సరిపోవాలి. ఒకే కంపెనీ రెండు ప్రభుత్వ సంస్థలకు రెండు అంకెలిస్తే వచ్చే చిక్కు జరిమానాతో పోదు. ఆ తర్వాత చెప్పేది ఏదీ ఎవరూ నమ్మరు.

షిఫ్ట్_హాజరు:
ప్రమాదాల రేటు అంటే పని ఆగిన గాయాలు × 10 లక్షలు ÷ పనిగంటలు. కాంట్రాక్టు కూలీల గంటలు వదిలేసి గాయాలు మాత్రం లెక్కేస్తే రేటు పెరుగుతుంది. గాయాలు వదిలేసి గంటలు మాత్రం కలిపితే తగ్గుతుంది. ఈ రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే దెబ్బతిన్న మనిషే లెక్కలో లేకుండా పోతాడు. 24 లక్షల గంటలకు 3 గాయాలైతే 1.25. గంటలు మనుషుల సంఖ్య × 8 అని కాకుండా గేటు హాజరు, ఓవర్‌టైమ్‌తో రావాలి. గాయాల జాబితాను ఈఎస్‌ఐ ప్రమాద నివేదికలతో, ఫస్ట్-ఎయిడ్ రిజిస్టర్‌తో పోల్చి చూడండి.

మహిళలకు చెల్లించిన మొత్తం వేతనాల శాతం కూడా కోర్‌లో ఉంది. దాన్ని జీతాల జాబితా నుంచే తీయాలి. హెచ్‌ఆర్ తలల లెక్కతో రాదు.

పటాన్‌చెరు_ప్లాంట్:
అందరికీ ధన్యవాదాలండి. సెబీ 2025 మార్చి సర్క్యులర్‌లో 'అసెస్‌మెంట్ లేదా అష్యూరెన్స్' (మదింపు లేదా హామీ) అన్నారు కదా, ఏది మేలు? నివేదిక రాసిచ్చే కన్సల్టెంటు చేతే చేయించవచ్చా?

మీటర్_రీడింగ్:
రాసినవాళ్లు పరిశీలించకూడదు. స్వతంత్రత పోతుంది. రెండింటికీ అనుమతి ఉన్నా, నా మాటగా రీజనబుల్ అష్యూరెన్స్‌కే (ఆధారాలు లోతుగా చూసి ఇచ్చే హామీ) వెళ్లండి. ముందు మూడు యూనిట్లకూ ఒకే నిర్వచనాల పత్రం రాసుకోండి: ఏ అంకె, ఎక్కడి నుంచి, ఎవరు తీస్తారు, ఎవరు సరిచూస్తారు. నిరుటి అంకెలో కేవీఏహెచ్ తప్పు దొరికితే నిరుటి కాలమ్‌ను కూడా సరిదిద్ది, కారణం కింద ఒక వాక్యంలో చెప్పండి. ఈ ఏడాదిది ఒక్కటే దిద్దితే, లేని పొదుపు ఉన్నట్టు కనబడుతుంది.