ఎనిమిదో నెల: కుడి పక్కటెముకల కింద పోటు, ఆగొచ్చా?

ప్రశ్న
నాకు 33వ వారం, తొలి కాన్పు. పది రోజులుగా కుడి రొమ్ము కింద, పక్కటెముకల అంచున ఒకటే పోటు. ఇంట్లో జాకెట్లు కుడతాను. మిషన్ మీద అరగంట వంగి కూర్చుంటే చాలు, లోపల్నించి ఎవరో బొటనవేలితో పొడుస్తున్నట్టు ఉంటుంది. లేచి చేతులు పైకెత్తి గోడకు ఆనుకుంటే కాస్త నయం. రాత్రి తిని పడుకుంటే గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. అమ్మేమో బిడ్డ కాళ్ళు అటున్నాయిలే అంటుంది, అత్తయ్య గ్యాస్ అంటుంది. గుండె దగ్గర కదా, టెన్షన్‌గా ఉంది. చెకప్ వచ్చే బుధవారం. అప్పటిదాకా ఆగొచ్చా?

జవాబు 1
నాకూ అచ్చం ఇంతే చెల్లీ. బాబు తల కిందికి తిరిగాక పాదం సరిగ్గా అక్కడికే వచ్చేది. వదులు బ్రా వేసుకున్నాక సగం నొప్పి పోయింది. రాత్రి భోజనం ఏడింటికే కానిచ్చేదాన్ని. పడుకునేటప్పుడు ఎడమవైపు తిరిగి పొట్ట కింద ఒక దిండు. 37వ వారంలో బిడ్డ కిందికి దిగాక ఊపిరి హాయిగా ఆడింది.

జవాబు 2
నేను మాత్రం బుధవారం దాకా ఆగొద్దంటాను. నాకు రెండో కాన్పులో 35వ వారంలో కుడి పక్కటెముకల కిందే నొప్పి వచ్చింది. గ్యాసే అనుకుని రెండు రోజులు వాము నీళ్ళు తాగాను. మూడో రోజు తలనొప్పి, వేలి ఉంగరం ఊడి రాలేదు. ఆడపడుచు లాక్కెళ్ళింది. బీపీ 160/110. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, కాలేయం దెబ్బతింటోంది అన్నారు. ఆ రాత్రే ఆపరేషన్. పాప 1.9 కిలోలు.

మీది బిడ్డ తాకిడే అయ్యుండొచ్చు, అయితే మంచిదే. కానీ ఈ నొప్పి బీపీ వల్ల కూడా వస్తుందని నాకు ముందు ఎవరూ చెప్పలేదు. ఈరోజే మీ ఏఎన్‌ఎం దగ్గర బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోండి. 140/90 దాటినా, కళ్ళు మసకబారినా, ముఖం వాచినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఉన్నట్టుండి ఛాతీలో నొప్పి వచ్చి ఊపిరి అందకపోతే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగినవారు
పొద్దున్నే వెళ్ళొచ్చాను అక్కా. బీపీ 118/76, ప్రొటీన్ లేదు. గర్భసంచి పైకి పెరిగే కొద్దీ పక్కటెముకలు వెడల్పవుతాయట, అందుకే పోటు అన్నారు డాక్టరమ్మ. మంటకు మందు రాశారు. తలనొప్పి గాని వస్తే రాత్రయినా వచ్చేయమన్నారు. వంగకుండా ఉండాలని మిషన్ కాళ్ళ కింద ఇటుకలు పెట్టించాను. మీ పాప ఇప్పుడు ఎలా ఉంది?

జవాబు 2
బంగారంలా ఉందమ్మా. నాలుగేళ్ళు నిండాయి.