ఎంజైమ్ పొడి వేస్తే పీచు అరుగుతుందా?

ప్రశ్న: ఆవు ఈని రెండు నెలలైంది. మేత బాగానే తింటోంది. కానీ పేడలో పొడవాటి గడ్డిపోచలు, మొక్కజొన్న గింజలు కనిపిస్తున్నాయి, పాలలో వెన్న తగ్గింది. ఎంజైమ్ పొడి వేయమంటున్నారు. నీళ్ల తొట్టిలో కలపొచ్చా? కోళ్లకు వాడే ఎంజైమ్ కొంత మిగిలింది, అదైనా పనికొస్తుందా?

జవాబు: కోళ్లది వద్దండీ. అందులో ఎక్కువగా ఉండే ఫైటేజ్‌ను (గింజల్లోని భాస్వరాన్ని విడదీసే ఎంజైమ్) రూమెన్‌లోని, అంటే ఆవు పొట్టలో మేత పులిసే పెద్ద గదిలోని, సూక్ష్మజీవులే తయారు చేసుకుంటాయి. తాగే నీళ్లలో కలిపినా దండగే. ఎంజైమ్ కూడా ఒక ప్రోటీనే కాబట్టి, విడిగా లోపలికి వెళ్తే ఆ సూక్ష్మజీవులే దాన్ని కొంతవరకు అరిగించేసుకుంటాయి. ముందుగానే ఎండు మేత మీద చల్లితే పీచుకు అంటుకుని కొంత నిలుస్తుంది.

అయితే మీరు చెప్పిన లక్షణాలు చూస్తుంటే నాకు ఎంజైమ్ కంటే దాణా మీదే అనుమానం. ఎంత పెడుతున్నారు, ఎన్ని పూటలు? నెమరు వేసేటప్పుడు ఒక ముద్దను ఎన్నిసార్లు నములుతోందో లెక్కపెట్టి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: ఎనిమిది కిలోలు, రెండు పూటలు. పాలు పిండేటప్పుడే పెడతాం. నెమరు 35, 40 మధ్య ఉంది. పేడ పలచగా పడుతోంది.

జవాబు: అదే కారణమై ఉండాలి. ఒక్కసారే నాలుగు కిలోల దాణా పడితే రూమెన్‌లో ఆమ్లం పెరుగుతుంది. పీహెచ్ (ఆమ్లం కొలత, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 6 కంటే దిగితే పీచును అరిగించే బ్యాక్టీరియా మందగిస్తుంది. ఆ పీచు అరిగినప్పుడు వచ్చే అసిటేట్ అనే పదార్థం పాలలో వెన్న తయారీకి ముఖ్యమైన ముడిసరుకు, అందుకే మీకు వెన్న పడిపోయింది. ముద్దకు 50 నుంచి 70 సార్లు నమిలితే లాలాజలం బాగా ఊరి ఆమ్లాన్ని అదుపులో ఉంచుతుంది.

దాణాను నాలుగు పూటలుగా విడదీయండి. ప్రతిసారీ ముందు ఎండుగడ్డి, తర్వాతే దాణా. మొక్కజొన్నను రవ్వలా ఆడించండి, మెత్తని పిండి చేస్తే ఆమ్లం ఇంకా పెరుగుతుంది. రోజుకు 100 నుంచి 200 గ్రాముల వంటసోడా దాణాలో కలపొచ్చు. బట్టల సోడా మాత్రం పొరపాటున కూడా వద్దు! ఆవు మేత మానేసినా, లేవలేకపోయినా వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.

ప్రశ్న అడిగినవారు: పది రోజులైందండీ. నెమరు 55 దాటింది, పేడ గట్టిపడింది. గింజలు ఇంకా కొన్ని కనిపిస్తున్నాయి. ఎంజైమ్ ఇప్పుడు మొదలుపెట్టమంటారా?

జవాబు: చాలా సంతోషం. గింజలకు రవ్వ ఇంకాస్త సన్నగా చేసి చూడండి. ఎంజైమ్ వాడదలిస్తే పీచును విడగొట్టే సెల్యులేజ్, జైలనేజ్ అనే ఎంజైమ్‌లు ఉన్నది తీసుకోండి. చల్లని నీళ్లలో కలిపి ఎండు మేత మీద చల్లి, కాసేపు ఉంచి పెట్టండి. వేడి నీళ్లు తగిలితే చెడిపోతుంది. డబ్బా మీద రాసిన మోతాదు దాటకండి, ఎక్కువైతే ఫలితం తగ్గొచ్చు కూడా. ముదిరి కర్రలా అయిన గడ్డిలోని లిగ్నిన్‌ను (గడ్డిని గట్టిపరిచే పదార్థం) ఈ ఎంజైమ్‌లు కరిగించలేవు, దానికి లేత గడ్డి వెతుక్కోవాల్సిందే. మూడు వారాలు మేతలో ఇంకేదీ మార్చకుండా పాలు, వెన్న రాసి పెట్టి, ఆ అంకెలు ఇక్కడ చెప్పండి.