ఎన్‌ఎస్ 200 తీసుకోవాలా, అపాచీ 200 4వీ తీసుకోవాలా? మియాపూర్ ట్రాఫిక్‌కీ గుంటూరు దారికీ ఏది నప్పుతుంది

పల్నాడు_కుర్రాడు:
అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్లి రావాలి. నెలకోసారైనా నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా గుంటూరు వెళ్తా. ఇన్నాళ్లూ నాన్న పాత 100 సిసి బండి వాడాను. ఇప్పుడు లక్షన్నర చుట్టుపక్కల ధరలో కాస్త హుషారుగా నడిచే బండి కొందామని ఉంది. చాలా వెతికి పల్సర్ ఎన్‌ఎస్ 200, అపాచీ ఆర్‌టీఆర్ 200 4వీ దగ్గర ఆగిపోయాను. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. అప్పుడప్పుడూ అమ్మ వెనక కూర్చుంటుంది. వీడియోల్లో ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు దానికి ఎదురు చెబుతున్నారు. నడిపినవాళ్లు చెప్పండి, దయచేసి.

కూకట్‌పల్లి_శ్రీను:
తమ్ముడూ, నేను అపాచీ 200 నడుపుతున్నా. నీది దాదాపు నా రూటే. కొండాపూర్ దగ్గర సాయంత్రం ట్రాఫిక్ ఎలా ఉంటుందో నీకూ తెలుసు. క్లచ్ కొంచెం వదిలితే చాలు, యాక్సిలరేటర్ ఇవ్వకపోయినా బండి మెల్లగా పాకుతుంది. టీవీఎస్ వాళ్లు దీన్ని గ్లైడ్ త్రూ టెక్నాలజీ అంటారు. పేరు సంగతి ఎలా ఉన్నా మణికట్టుకి నిజంగా విశ్రాంతి. లీవర్లు కూడా వేళ్లకు తగ్గట్టు దగ్గరికీ దూరానికీ మార్చుకోవచ్చు. స్పోర్ట్, అర్బన్, రెయిన్ అని మూడు మోడ్‌లు ఉన్నాయి. స్పోర్ట్‌లో 20.8 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) వస్తుంది, మిగతా రెండింట్లో పవర్ 17.3కి తగ్గిపోతుంది. నేను ఊళ్లో ఎప్పుడూ అర్బన్‌లోనే ఉంచుతా.

బెజవాడ_బైకర్:
ఎన్‌ఎస్ 200 మనిషిని నేను. అపాచీ మంచి బండి కాదని అనను. కానీ హైవే ఎక్కాక తేడా తెలుస్తుంది. ఎన్‌ఎస్‌కి 24.5 పీఎస్, ఆరు గేర్లు. అపాచీకి అయిదే గేర్లు. తొంభైలో వెళ్తూ లారీని దాటాలంటే ఎన్‌ఎస్ ఇంకా ఊపిరి మిగుల్చుకుని ఉంటుంది. నార్కట్‌పల్లి దాటాక ఆ రోడ్డు ఎంత బాగుంటుందో నీకు చెప్పక్కర్లేదు. నెలనెలా ఊరెళ్లేవాడివి కాబట్టి ఆరో గేరు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు.

ఇంకోటి, బెజవాడ ఎండలు. మే నెలలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడితే ఏ ఇంజన్ అయినా ఉడికిపోతుంది. ఎన్‌ఎస్‌కి రేడియేటర్, కూలెంట్ ఉన్నాయి కాబట్టి ఎంతసేపు నడిపినా పుల్లింగ్ తగ్గినట్టు నాకు అనిపించలేదు.

పల్నాడు_కుర్రాడు:
శ్రీను అన్నా, బెజవాడ అన్నా, థ్యాంక్స్. రెండూ దాదాపు ఒకే సిసి కదా, మరి పవర్‌లో నాలుగు పీఎస్‌ల తేడా ఎందుకు? లిక్విడ్ కూలింగ్ వల్లేనా?

మెకానిక్_బాషా:
కడపలో షెడ్డు నడుపుతున్నా, రెండు ఇంజన్లూ విప్పి చూసినవాణ్ణే. కూలింగ్ ఒక్కటే కారణం కాదు బాబూ. ఇంజన్ లోపలి కొలతలు వేరు. ఎన్‌ఎస్‌లో సిలిండర్ బోరు, అంటే లోపలి వెడల్పు, 72 మిల్లీమీటర్లు, పిస్టన్ కిందకీ పైకీ నడిచే దూరం 49. అపాచీలో బోరు 66, పిస్టన్ దూరం 57.8. పిస్టన్ తక్కువ దూరం నడిస్తే ఇంజన్ ఎక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాకా హాయిగా తిరుగుతుంది. అందుకే ఎన్‌ఎస్ పవర్ అంతా 9750 దగ్గర వస్తుంది, 18.7 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 8000 దగ్గర. అపాచీకి టార్క్ 17.25, అది 7250 దగ్గరే దొరుకుతుంది. బోరు పెద్దదైతే వాల్వులకు చోటు ఎక్కువ, గాలి ఎక్కువ పీలుస్తుంది. అలా ఎక్కువ ఆర్‌పీఎంలో తిరిగే ఇంజన్‌కి వేడి కూడా ఎక్కువే పుడుతుంది, దాన్ని లాగేయడానికి కూలెంట్ కావాలి. అపాచీకి ఆయిల్ కూలర్ సరిపోతుంది. అంటే కూలింగ్ ముందు కాదు, ఇంజన్ స్వభావం ముందు.

నడిపేవాడికి దీని అర్థం ఏంటంటే, ఎన్‌ఎస్‌ని ఆరువేల కింద నడిపితే దాని సత్తా కనపడదు. గేరు తగ్గించి తిప్పాలి. అలా తిప్పడం నచ్చేవాడికి అది పండగ. అపాచీ నాలుగైదు వేల దగ్గరే చెప్పినమాట వింటుంది. ఊళ్లో మూడో గేరులో స్పీడ్ బ్రేకర్ దాటి మళ్లీ అదే గేరులో లాక్కుపోవచ్చు.

మెయింటెనెన్స్ మాట కూడా చెబుతా. ఎన్‌ఎస్ కొంటే నెలకోసారి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ లెవెల్ చూడండి. రేడియేటర్ రెక్కల్లో బురద గట్టిపడితే నీళ్లతో మెల్లగా కడగండి, వాటర్ సర్వీసింగ్ ప్రెషర్ గన్ నేరుగా పెడితే రెక్కలు వంగిపోతాయి. కూలెంట్ తగ్గితే కుళాయి నీళ్లు పోయడం మాత్రం చేయకండి, లోపల తుప్పు పడుతుంది. నా దగ్గరికి వచ్చే వాటర్ పంప్ రిపేర్లలో చాలావాటికి మూలం అదే. అపాచీకి ఈ బాధ లేదు, ఆయిల్ మాత్రం టైముకి మార్చాలి. అది వంట్లో రక్తం లాంటిది, చల్లబరిచే పని కూడా దానిదే.

కావ్య_హన్మకొండ:
ఎత్తు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. నేను అయిదడుగుల మూడంగుళాలు. రెండూ టెస్ట్ రైడ్ చేశాను. కాగితం మీద సీటు ఎత్తులో పెద్ద తేడా లేదు, అపాచీ 800 మి.మీ., ఎన్‌ఎస్ దానికంటే కాస్త ఎక్కువ. కానీ సీటు ముందు భాగం ఎంత సన్నగా ఉంది, ట్యాంక్ దగ్గర మోకాళ్లు ఎంత విచ్చుకోవాలి అన్నదాన్ని బట్టి కాలు నేలకు ఆనడం మారుతుంది. అపాచీ 152 కిలోలు, ఎన్‌ఎస్ 158. ఆరు కిలోలే కదా అంటారు. పార్కింగ్‌లో ఏటవాలు చోట బండిని వెనక్కి లాగాల్సి వచ్చినప్పుడు ఆ ఆరు కిలోలూ నాకు స్పష్టంగా తెలిశాయి. నేను అపాచీ తీసుకున్నా. మీరు అయిదడుగుల ఆరు కాబట్టి మీకు ఈ ఇబ్బంది ఉండకపోవచ్చు. కానీ అమ్మగారు వెనక కూర్చుంటారన్నారు కదా, ఆవిడని కూడా షోరూమ్‌కి తీసుకెళ్లండి. రెండింటికీ స్ప్లిట్ సీటే, వెనక సీటు ఎత్తుగా, చిన్నగా ఉంటుంది. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునేవాళ్లకి అస్సలు సౌకర్యం కాదు. అమ్మ కూర్చుని చూసి సరే అంటేనే ముందుకెళ్లండి.

పల్నాడు_కుర్రాడు:
కావ్య గారూ, ఇది నాకు తట్టనే లేదు. వచ్చే వారం అమ్మ వస్తోంది, తప్పకుండా తీసుకెళ్తా.

స్పీడ్_విశాఖ:
ఇవన్నీ ఎందుకు బ్రో, ఇంకాస్త డబ్బు కలిపి యమహా ఆర్15 తీసుకో. లుక్కే వేరు.

బెజవాడ_బైకర్:
విశాఖ బ్రో, ఆర్15 గొప్ప బండే, నాకూ ఇష్టమే. కానీ క్లిప్ ఆన్ హ్యాండిల్‌తో ముందుకు వంగి రోజూ గచ్చిబౌలి ట్రాఫిక్‌లో నడపాలంటే మణికట్లు, నడుము అలవాటు పడాలి. పైగా అమ్మ వెనక కూర్చోవాలి. ఈ తమ్ముడు అడిగింది దానికి కాదు.

నల్లమల_రైడర్:
నేను ఘాట్‌ల గురించి చెబుతా. మాది మార్కాపురం వైపు. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కడం, దిగడం నాకు బాగా అలవాటు. స్నేహితుడి ఎన్‌ఎస్, నా అపాచీ మార్చుకుని నడుపుతాం. మలుపుల్లో ఎన్‌ఎస్ పెరిమీటర్ ఫ్రేమ్ (ఇంజన్‌కి రెండు పక్కలా వచ్చే చట్రం) గట్టిగా, స్థిరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. ముందు బ్రేక్ డిస్క్ కూడా పెద్దది, 300 మి.మీ.; అపాచీకి 270. అపాచీ బరువు తక్కువ కాబట్టి మలుపులోకి త్వరగా వాలుతుంది. దిగేటప్పుడు గబుక్కున గేరు తగ్గించినా అపాచీ స్లిప్పర్ క్లచ్ వల్ల వెనక చక్రం కుదపదు. కొత్తగా పవర్ ఉన్న బండి ఎక్కేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. నువ్వు 100 సిసి నుంచి వస్తున్నావు కదా, ఈ సంగతి బాగా ఆలోచించుకో.

అటు వచ్చేవాళ్లెవరైనా ఒకటి గుర్తుపెట్టుకోండి. అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గేట్లు మూసేస్తారు. దానికి తగ్గట్టు బయల్దేరండి.

మెకానిక్_బాషా:
నల్లమల అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. 100 సిసి నుంచి నేరుగా 24 పీఎస్‌కి వెళ్లే కుర్రాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. బండి తప్పు కాదు, చేతికి అలవాటు కావాలి. రెండింటికీ డ్యూయల్ ఛానల్ ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా రెండు చక్రాలూ బిగుసుకుపోకుండా చూసేది) ఉండటం మాత్రం పెద్ద ధైర్యం.

హిస్టరీ_బైక్స్:
ఇక్కడ ఒక హెచ్చరిక. పాత వీడియోలు చూసి పోల్చకండి. ఎన్‌ఎస్ 200 వచ్చింది 2012లో. మధ్యలో ఆగిపోయి 2017లో మళ్లీ వచ్చింది. 2023లో ముందు అప్‌సైడ్ డౌన్ ఫోర్కులు (యూఎస్‌డీ, లావు గొట్టం పైన ఉండే షాక్ అబ్జార్బర్లు), డ్యూయల్ ఛానల్ ఏబీఎస్ ఇచ్చారు. 2024లో ఎల్‌ఈడీ హెడ్‌లైట్, డిజిటల్ మీటర్ వచ్చాయి. అంతకు ముందు బండిని చూసి ‘హెడ్‌లైట్ వెలుతురు చాలదు’ అని చెప్పిన మాటలు ఇప్పటి బండికి వర్తించవు. అపాచీ 200 4వీ 2016లో మొదలైంది, దానికి అప్‌సైడ్ డౌన్ ఫోర్కులు 2025లో వచ్చాయి. ‘ఎన్‌ఎస్‌కి యూఎస్‌డీ ఉంది, అపాచీకి లేదు’ అన్న మాట కూడా పాతబడిపోయింది.

ధరలదీ అంతే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సిసి లోపు బైకుల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎక్స్ షోరూమ్ ధరలో (ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ కలపని ధర) అది ఏడెనిమిది శాతం తేడా. అంతకు ముందు వీడియోల్లో ధరలు చూసి బడ్జెట్ వేసుకోవద్దు. సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్లు జీఎస్‌టీ తగ్గకముందు కొత్త బండికి ఉన్న ధర చూపించి బేరం చేస్తున్నారు, అది కూడా ఒప్పుకోకండి.

పల్నాడు_కుర్రాడు:
ఇది చాలా ఉపయోగం అన్నా. సెకండ్ హ్యాండ్ కూడా ఒక ఆలోచన ఉండేది. మైలేజ్ సంగతి ఎవరైనా చెబుతారా? రెండింటికీ ట్యాంక్ 12 లీటర్లే అని చూశా.

కూకట్‌పల్లి_శ్రీను:
నాకు ఊళ్లో 37, 38 అలా ఇస్తోంది. హైవేలో 80 దాటకపోతే 40 పైన.

బెజవాడ_బైకర్:
నాకు ఊళ్లో 35 లోపే. హైవేలో కాస్త మెరుగు. మైలేజ్ కోసమే అయితే ఈ రెండింటి జోలికీ రాకూడదు.

గృహలక్ష్మి_ఖమ్మం:
మా ఆయన ఎన్‌ఎస్ కొన్నప్పుడు లెక్కలన్నీ నేనే చూశాను, అందుకే రాస్తున్నా. ఎక్స్ షోరూమ్ ధర చూసి మురిసిపోవద్దు బాబూ. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. 150 సిసి లోపు బండికీ, దాటిన బండికీ ఆ ప్రీమియం వేరు. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సిసి వరకు అయిదేళ్లకి 3,851 రూపాయలు, 150 నుంచి 350 వరకు 7,365, పైన జీఎస్‌టీ అదనం. దాని మీద ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్), లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్. ఓన్ డ్యామేజ్ మాత్రం ఏడాదికి తీసుకుంటే చాలు. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలని రూలేం లేదు. బయట కొటేషన్ తెచ్చి చూపించండి, వెంటనే వాళ్ల రేటు తగ్గుతుంది. హ్యాండ్లింగ్ చార్జీలని అడిగితే దేనికో కాగితం మీద రాసి ఇమ్మనండి. మా ఊళ్లో ఒక షోరూమ్ రాసివ్వమనగానే ఆ లైనే తీసేసింది.

కావ్య_హన్మకొండ:
చాలా మంచి మాట చెప్పారు అక్కా. ఈఎంఐ మీద తీసుకుంటే ప్రాసెసింగ్ ఫీజు కూడా విడిగా అడగాలి.

నల్లమల_రైడర్:
తమ్ముడూ, ఆధార్‌లో అడ్రస్ గుంటూరా, హైదరాబాదా? ఏపీ రిజిస్ట్రేషన్ చేయించి తెలంగాణలో పన్నెండు నెలలు దాటి వాడితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి, అక్కడి ట్యాక్స్ కట్టాలి. ఉద్యోగం అక్కడే అయితే అద్దె అగ్రిమెంట్ లాంటి చిరునామా కాగితాలు సిద్ధం చేసుకుని తెలంగాణలోనే చేయించుకోవడం మేలు.

పల్నాడు_కుర్రాడు:
అందరికీ అప్‌డేట్. అమ్మతో కలిసి రెండు షోరూములకీ వెళ్లాను. ఎన్‌ఎస్ ఎక్కగానే గుండె అటే లాగింది, అబద్ధం చెప్పను. ఏడువేలు దాటాక ఆ లాగుడు, ఆ శబ్దం మర్చిపోలేను. బాషా గారు చెప్పినట్టే దాన్ని తిప్పాలి, తిప్పితే పండగే. కానీ టెస్ట్ రైడ్ సాయంత్రం ట్రాఫిక్‌లో పడింది. అక్కడ నేను ఒక్కసారి కూడా ఏడువేలకి వెళ్లలేకపోయాను. అపాచీతో అదే రోడ్డు మీద చాలా తేలిగ్గా వచ్చేశాను. అమ్మ రెండింటి వెనకా కూర్చుంది, రెండూ ఒకటే అంది, కానీ గ్రాబ్ రెయిల్ పట్టుకోవడానికి అపాచీ బాగుందట. మా ఇంటికి దగ్గర్లో సర్వీస్ సెంటర్ కూడా దానిదే ఉంది. అపాచీ బుక్ చేశాను.

బెజవాడ_బైకర్:
శుభాకాంక్షలు తమ్ముడూ! నీ రోడ్డు నీకు తెలుసు, సరైన కారణాలతోనే ఎంచుకున్నావు. గుంటూరు వచ్చినప్పుడు బెజవాడ కూడా రా, నా ఎన్‌ఎస్ ఒక రోజు నీకిస్తా.

మెకానిక్_బాషా:
మంచిది బాబూ. డెలివరీ రోజు తొందరపడొద్దు. పగటి వెలుతురులో తీసుకో. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కాగితాల్లో ఉన్నవాటితో సరిపోయాయా చూడు. ఏ నెలలో తయారైందో అడుగు, మరీ పాత స్టాక్ అయితే వద్దను. మీటర్‌లో కిలోమీటర్లు, టైర్ల మీద తేదీ, ట్యాంక్ మీద గీతలు చూడు. ఫోర్కుల దగ్గర ఆయిల్ చెమ్మ ఉందేమో వేలితో తుడిచి చూడు. స్టార్ట్ చేసినప్పుడు వెలిగే ఏబీఎస్ లైటు బండి కదిలాక ఆరిపోవాలి. మొదటి సర్వీసు వరకు ఒకే స్పీడులో ఎక్కువసేపు పోవద్దు, మాన్యువల్‌లో చెప్పిన ఆర్‌పీఎం దాటొద్దు. గుంటూరు ట్రిప్పు ఆ సర్వీసు అయ్యాకే పెట్టుకో. చైన్‌కి అయిదొందల కిలోమీటర్లకోసారి శుభ్రం చేసి లూబ్ కొట్టు, వానల్లో ఇంకా ముందే.

పల్నాడు_కుర్రాడు:
అన్నీ రాసుకున్నా బాషా గారూ. శనివారం ఉదయం డెలివరీ. ఇంజన్ ఆయిల్ మొదటిసారి కంపెనీ చెప్పినదే పోయించాలా, సింథటిక్ పోయించొచ్చా?

మెకానిక్_బాషా:
వారంటీలో ఉన్నంతకాలం మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించు. డబ్బా సీల్ నీ ఎదురుగా తీయించు, బిల్లులో గ్రేడ్ పేరు రాయించుకో.