అప్‌డేట్: మా ల్యాబ్రడార్ కుక్క ముందు కాలు కుంటడానికి కారణం తెలిసింది

రెండు నెలల కింద ఇక్కడే అడిగాను, మా 9 నెలల ల్యాబ్ పడుకుని లేచినప్పుడల్లా ఎడమ ముందు కాలు కుంటుతున్నాడని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ముల్లేమో అన్నారు, పాదమంతా వెతికాం, ఏమీ లేదు. కాల్షియం తక్కువనుకుని మేమే సిరప్ పోస్తూ వచ్చాం. అది అనవసరమే కాదు, పెద్ద జాతి కుక్కపిల్లలకు ఎక్కువైతే ఎముకల ఎదుగుదలకే చెడ్డదని డాక్టర్ చెప్పాక చాలా బాధేసింది.

పనికొచ్చింది మోచేతులకు ఎక్స్‌రే తీయించమన్న సలహానే. కడప నుంచి తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎల్బో డిస్‌ప్లాసియా అట, అంటే మోచేతి కీలు సరిగ్గా ఎదగకపోవడం; ఎక్కువగా వంశపారంపర్యంగా వచ్చేదే, కుడి మోచేతిలో కూడా కొంచెం ఉంది. ఆపరేషన్ ఇప్పుడే వద్దన్నారు.

34 కేజీలున్నవాడిని 30కి తెచ్చాం, అసలు తేడా అక్కడే కనిపించింది. మెట్లు, బంతాట బంద్. తాడు పట్టుకుని రోజుకు మూడుసార్లు పదేసి నిమిషాల నడక, ఇంట్లో నున్నటి బండల మీద జారకుండా గోనెపట్టలు పరిచాం. నొప్పి మాత్ర డాక్టర్ రాసిందే వేస్తున్నాం; దయచేసి మనుషుల మాత్రలు వెయ్యకండి, ఐబుప్రొఫెన్ కుక్కలకు విషం. ఇప్పుడు పొద్దున లేవగానే కాస్త బిగుసుకుంటాడు, నాలుగడుగులు వేస్తే సర్దుకుంటాడు.