వెల్ష్ కవి పేరులోని జంట 'డి'ని తెలుగులో ఎలా రాయాలి?

వేల్స్ సాంస్కృతిక చరిత్రలో 1917వ సంవత్సరం గురించి వ్యాసం రాస్తున్నాను. ఆ సెప్టెంబరు 6న బర్కెన్‌హెడ్‌లో జరిగిన జాతీయ ఐస్టెద్‌వోడ్ (Eisteddfod) అనే వెల్ష్ సాహిత్య, సంగీత ఉత్సవంలో, కవితల పోటీ విజేత కోసం మూడుసార్లు బాకాలూది పిలిచినా ఎవరూ లేవలేదు. విజేత అయిన కవి (కవినామం Hedd Wyn) జులై 31నే మొదటి ప్రపంచ యుద్ధంలోని పాషెండేల్ పోరులో మరణించాడని ప్రకటించి, బహుమతిగా ఇవ్వవలసిన కుర్చీపై నల్లగుడ్డ కప్పారు. అంతటి కవి పేరు తప్పుగా అచ్చు కావడం నాకిష్టం లేదు.

అతని కవినామంలోని జంట 'డి' ఇంగ్లిషు 'దిస్'లోని తొలి ధ్వనిలా పలుకుతుంది. ఉత్సవం పేరులో ఆ ధ్వనీ, చివర మామూలు డకారమూ రెండూ ఉన్నాయి. 'హెడ్ విన్' అంటే ఆ తేడా పోతోంది, 'హెద్ విన్' అంటే చదివినవారు అచ్చుతప్పు అనుకుంటున్నారు, 'హెధ్' అంటే ఒత్తి పలుకుతున్నారు. ఉచ్చారణ నిఘంటువు చూశాను, వెల్ష్ వారి రికార్డింగులు పదేపదే విన్నాను. ధ్వని తెలిసింది గానీ లిపి తేలలేదు.

వెల్ష్ ఉచ్చారణ తెలిసినవారు చెప్పగలరా: ఈ పేరుకు తెలుగులో 'ద' వాడాలా, 'డ' వాడాలా?