లక్షల పత్రాలున్న ఎక్స్‌ఎమ్‌ఎల్ డేటాబేస్‌లో క్వెరీ వేగం: ఏ అంకెను నమ్మాలి?

ప్రశ్న

బేస్‌ఎక్స్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో దాదాపు 4 లక్షల ఎక్స్‌ఎమ్‌ఎల్ (ట్యాగ్‌లతో రాసే) పత్రాలున్న డేటాబేస్ ఒకటి నిర్వహిస్తున్నాను. ఒక్కో పత్రం సుమారు 15 కిలోబైట్లు, మొత్తం కలిపితే 6 గిగాబైట్ల దాకా ఉంటుంది. అసలు డేటాను కదిలించకుండా పరీక్షలు చేయాలనే ఉద్దేశంతో, అందులోంచి 1,000 పత్రాలు తీసుకుని, ఒక్కొక్కదానికి 400 నకళ్లు చేసి, అంతే పరిమాణం గల మరో డేటాబేస్‌ను ఒకే విడతలో నిర్మించాను. ఒక అట్రిబ్యూట్ (ట్యాగ్‌లో రాసే లక్షణం) విలువను బట్టి పత్రాలను వెతికే క్వెరీ అక్కడ మొదటిసారి సెకను తీసుకుని, ఆ తరువాత 30 మిల్లీసెకన్లలో పూర్తవుతోంది. అదే క్వెరీ అసలు డేటాబేస్‌లో ఎన్నిసార్లు నడిపినా 9 సెకన్లకు తగ్గడం లేదు. పరిమాణం ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు వస్తోంది? ఎక్స్‌మార్క్ వంటి ప్రామాణిక పరీక్ష వాడితే మేలా?

మొదటి సమాధానం

సెకనుకూ 30 మిల్లీసెకన్లకూ ఉన్న తేడా సహజమే. బేస్‌ఎక్స్ జావాలో నడుస్తుంది కనుక, కోడ్ కొన్నిసార్లు నడిచిన తరువాతే వర్చువల్ మెషీన్ దానిని యంత్రభాషలోకి మార్చి వేగవంతం చేస్తుంది. డిస్క్ నుంచి చదివిన పేజీలు కూడా ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌లో (తాత్కాలిక మెమరీలో) నిలిచిపోతాయి. ఈ రెండు అంకెలూ నిజమే, కాని అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. వాటిని కలిపి సగటు తీస్తే వచ్చే సమయం ఏ వినియోగదారుకూ ఎదురుకాదు. చల్లని స్థితిని, అంటే క్యాష్ ఖాళీగా ఉన్న మొదటి పరుగును, కొలవాలంటే సర్వర్‌ను ఆపి, లైనక్స్‌లో పేజీ క్యాష్‌ను ఖాళీ చేసి, మళ్లీ మొదలుపెట్టాలి. వెచ్చని స్థితికైతే మొదటి కొన్ని పరుగులను వదిలేసి, మిగిలినవాటి మధ్యగతాన్నీ, నూటికి 95 పరుగులు ఎంత సమయంలోపు ముగిశాయన్న సంగతినీ నమోదు చేయండి.

క్వెరీ సమాచారాన్ని చూపే ఆప్షన్ పెడితే పార్సింగ్, కంపైలింగ్, ఎవాల్యుయేటింగ్, ప్రింటింగ్ సమయాలు విడివిడిగా కనిపిస్తాయి. ఫలితంలో వేల పత్రాలు ఉన్నప్పుడు వెతకడానికి కంటే వాటిని అక్షరాలుగా రాసి పంపడానికే ఎక్కువ సమయం పట్టవచ్చు. ఆ భారం తప్పించడానికి చాలామంది క్వెరీ చుట్టూ కౌంట్ ఫంక్షన్ చుడతారు. నాకది నచ్చని పద్ధతి. సాదా పాత్‌ను (ట్యాగ్‌ల వరుసతో చెప్పే దారిని) లెక్కించమంటే బేస్‌ఎక్స్ నోడ్‌లను తాకకుండానే తన గణాంకాల్లోంచి జవాబిచ్చే వీలుంది. అప్పుడు మీరు కొలిచింది మీ క్వెరీని కాదు.

రెండవ సమాధానం

నకళ్లతో కట్టిన డేటాబేస్‌కు పరిమాణం ఒక్కటే వచ్చింది, స్వభావం రాలేదు. అసలు డేటాలో ఒకే పత్రానికి చెందిన గుర్తింపు సంఖ్య మీ పరీక్షలో 400 పత్రాలను తెస్తుంది. ఇండెక్స్‌లో (ఏ విలువ ఎక్కడ ఉందో చూపే సూచికలో) భిన్నమైన విలువలు తక్కువై, ఒక్కో విలువ కింది జాబితా పొడవవుతుంది. నకలు చేసేటప్పుడు కనీసం గుర్తింపు సంఖ్యలనూ, తేదీలనూ మార్చి రాసే చిన్న స్క్రిప్ట్ అవసరం.

ఎక్స్‌మార్క్ 2002లో వెలువడింది. వేలం సైట్‌ను పోలిన డేటాపై 20 క్వెరీలు నడుపుతుంది. స్కేల్ ఫ్యాక్టర్ 1కి సుమారు 100 మెగాబైట్ల పత్రం తయారవుతుంది. అది ప్రధానంగా ఒకే పెద్ద పత్రాన్ని ఉద్దేశించినది. చిన్న పత్రాలు లక్షల్లో ఉన్న మీ పరిస్థితికి, ఆర్థిక లావాదేవీల నమూనాతో రూపొందిన టీపాక్స్ అనే మరో ప్రామాణిక పరీక్ష దగ్గరగా ఉంటుంది. అయినా మీ వినియోగదారులు నిజంగా పంపిన క్వెరీల లాగ్‌కు మించిన పరీక్షా సామగ్రి లేదని నా అభిప్రాయం.

అయితే 9 సెకన్లకు కారణం ఇదేదీ కాదనిపిస్తోంది. అసలు డేటాబేస్‌ను కూడా ఒకే విడతలో నిర్మించారా, లేక పత్రాలను తరువాత చేర్చుతూ వచ్చారా?

ప్రశ్న అడిగినవారు

రోజూ కొన్ని వందల పత్రాలు చేరుతూనే ఉంటాయండీ. మీరు అడిగిన తరువాత క్వెరీ ప్లాన్ (క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చూపే వివరం) తెరిచి చూశాను. పరీక్షా డేటాబేస్‌లో అట్రిబ్యూట్ ఇండెక్స్ వాడుతోంది, అసలు దానిలో మొత్తం పత్రాలన్నిటినీ గాలిస్తోంది.

రెండవ సమాధానం ఇచ్చినవారు

అదే కారణం. బేస్‌ఎక్స్‌లో డేటా మారిన వెంటనే వాల్యూ ఇండెక్స్‌లు (టెక్స్ట్, అట్రిబ్యూట్ విలువల సూచికలు) కాలం చెల్లినవిగా లెక్కకు వస్తాయి. ఆప్టిమైజ్ ఆదేశంతో వాటిని మళ్లీ నిర్మించేదాకా క్వెరీ వాటిని పక్కనబెడుతుంది. డేటాబేస్‌ను సృష్టించేటప్పుడే అప్‌డ్‌ఇండెక్స్ ఆప్షన్ పెట్టి ఉంటే మార్పులతోపాటే అవి తాజా అవుతాయి, కాని చేర్పులు కొంత నెమ్మదిస్తాయి. పదాలను వెతకడానికి వాడే ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్‌కు ఆ సౌకర్యం వర్తించదు. ఎగ్జిస్ట్-డీబీ అనే మరో ఎక్స్‌ఎమ్‌ఎల్ డేటాబేస్‌లో చిక్కు మరో రూపంలో వస్తుంది: కలెక్షన్ (పత్రాల సముదాయం) కాన్ఫిగరేషన్‌లో కొత్త ఇండెక్స్ రాసినా, అప్పటికే ఉన్న పత్రాలను రీఇండెక్స్ చేయకపోతే అది వాటికి అందదు.

ప్రశ్న అడిగినవారు

రాత్రి ఆప్టిమైజ్ నడిపాను. అదే క్వెరీ ఇప్పుడు వెచ్చని స్థితిలో 20 మిల్లీసెకన్ల దగ్గర నిలిచింది. ఫలితాల సంఖ్య మునుపటితో సరిపోయిందని కూడా చూసుకున్నాను. అట్రిబ్యూట్‌ను చిన్న అక్షరాల్లోకి మార్చి పోల్చే రెండో క్వెరీ మాత్రం ఇంకా 9 సెకన్ల దగ్గరే ఉంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఇండెక్స్‌లో ఉండేది పత్రంలో రాసి ఉన్న విలువ. దానిని ఫంక్షన్‌లో చుట్టి పోల్చినప్పుడు ఇండెక్స్ పనికిరాదు. పత్రాన్ని చేర్చే సమయంలోనే చిన్న అక్షరాల రూపాన్ని మరో అట్రిబ్యూట్‌గా దాచి, క్వెరీలో దానితో నేరుగా పోల్చండి.